వాడని మందుకు మెస్ చార్జీ

ఒక మందు ఎంత గొప్పదైతే అంత తక్కువ అమ్ముడుపోతుందని ఎవరైనా చెబితే మీరు నవ్వుతారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆ మందు అమ్మే పని నాకే అప్పగించారు.

మాది కర్నూలు. సౌదీకి వచ్చి బురైదాలో మందుల కంపెనీ సేల్స్‌మన్‌గా కుదురుకున్నాను. హెడ్డాఫీసు జిద్దాలో ఉంటుంది, మేనేజరు కూడా అక్కడే ఉంటాడు. చుట్టుపక్కల ఆస్పత్రులన్నీ తిరిగి ఆర్డర్లు తేవడం మా పని. ఆఫీసులో నా పక్క సీటువాడికి దగ్గుమందు, విటమిన్ మాత్రలు, కడుపుమంట మందు వచ్చాయి. వాడు కాలు మీద కాలేసుకుని కూర్చున్నా ఆర్డర్లు వచ్చి పడేవి, కమిషనూ పడేది. నాకు మాత్రం కొత్త యాంటీబయాటిక్ ఒకటి వచ్చింది. "మన దగ్గరున్న వాటిల్లో ఇదే గొప్ప మందు, అందుకే నీకు ఇచ్చాం" అన్నాడు మేనేజరు. పొగడ్తకు పడిపోవడం మా ఇంట్లో వంశపారంపర్యం. సంతోషంగా తీసుకున్నాను.

ఆ బ్యాగు పట్టుకుని ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లాను. అక్కడ ఇన్ఫెక్షన్లు చూసే కమిటీకి పెద్ద ఒక డాక్టరమ్మ. జోర్డాన్ నుంచి వచ్చింది. మాట మెత్తన, కళ్లద్దాల వెనక చూపు మాత్రం కాదు. ఆవిడతో మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగేవి. నేను మందు గురించి చెప్పడం మొదలుపెట్టకముందే ఆవిడే నాకు చెప్పింది. ఎంత మంచి మందో, ఏ క్రిములకు పనిచేస్తుందో, మిగతా మందులన్నీ చేతులెత్తేసిన చోట ఇది ఎలా నిలబడుతుందో వివరంగా చెప్పింది. నేను ఆర్డరు పుస్తకం తెరిచాను.

"ఎన్ని పెట్టెలు రాయమంటారు మేడమ్?"

"ఒక్కటీ వద్దు."

"బాగుందన్నారు కదా!"

"బాగుంది కాబట్టే వద్దు."

నా మొహం చూసి ఆవిడకు జాలేసినట్టుంది, కూర్చోబెట్టి చెప్పింది. క్రిములు మొండివి, పైగా తెలివైనవి. ఒక మందును పదేపదే వాటి ముందు తిప్పితే దాన్ని తప్పించుకునే దారి వెతుక్కుంటాయి. అందుకని కొత్త మందును వాటికి వీలైనంత వరకు చూపించకూడదు. ఇంకే మందూ పనిచేయని రోగి వచ్చిన రోజునే బయటికి తీయాలి. అంతవరకూ అది అలమరలో తాళం వేసుకుని ఉండాలి.

అలమర కూడా చూపించింది. గాజు తలుపుల చల్లని అలమర. ఈ పని నాకు రాకముందు మా కంపెనీ అమ్మిన ఇంజెక్షన్ సీసాలు అందులో కొత్త పెళ్లికూతుళ్లలా వరుసగా కూర్చుని ఉన్నాయి. ఒక్కదాని మూత కూడా ఊడలేదు. వాటి గడువు తేదీ మాత్రం దగ్గర పడుతోంది.

"మరి ఇవి పోయాక కొత్తవి కొంటారు కదా?" అన్నాను.

"నాకు కావాలి. కానీ కొనేది నేను కాదు" అంది డాక్టరమ్మ.

కొనేది పర్చేజ్ మేనేజరు. సౌదీ పెద్దమనిషి, ఊరి బయట సొంత ఖర్జూరం తోట ఉంది. ఆయన లెక్క చాలా సూటిగా ఉండేది. పోయినసారి కొన్నారు, వాడలేదు, ఇప్పుడు పారేయబోతున్నారు. మళ్లీ ఎందుకు కొనాలి? ఆయన ఇల్లాలు ఇలాగే వాడని గిన్నెలు కొంటూ ఉంటుందట. ఆ సంగతి ఇంట్లో అడగలేను, ఇక్కడైనా అడగనివ్వండి అన్నాడు.

ఇప్పుడు చూడండి నా బతుకు. డాక్టరమ్మకు మందు కావాలి, వాడదు. పర్చేజ్ పెద్దమనిషి వాడేదైతే కొంటాడు, వాడనిదైతే కొనడు. విదేశంలో మందు తయారుచేసిన కంపెనీ ఏళ్ల తరబడి మదుపు పెట్టి ఆ మందు కనిపెట్టింది. లోకమంతా దానికి శాలువా కప్పి, దండేసి, అటకెక్కించింది. పొగిడేవాళ్లే తప్ప కొనేవాళ్లు లేరు. ఇక ఇంకో కొత్త మందు కనిపెట్టడానికి ఎవడు ముందుకొస్తాడు? వాళ్లు కూడా విటమిన్ మాత్రలే చేసుకుంటారు. ఇంతమందిలో ఎవరిదీ తప్పు కాదు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండేది. తిట్టడానికి ఒక్క మనిషైనా ఉండాలి కదా.

జిద్దా మేనేజరుకు మాత్రం తిట్టడానికి మనిషి దొరికాడు. ఆయన హైదరాబాదీ, మేమిద్దరం ఉర్దూలోనే మాట్లాడుకుంటాం.

"మియా, ఇన్నాళ్లలో ఒక్క సీసా అమ్మలేదు. పాత సరుకు గడువు తీరేలోపు ఆ ఆస్పత్రి కొత్త ఆర్డరు ఇవ్వకపోతే ఆ మందు తెప్పించడం మానేస్తాం. ఆ సీటూ ఉండదు, నీకు ఎగ్జిట్ కొట్టించి ఇండియా పంపాల్సి వస్తుంది" అన్నాడు.

భయం వేసింది. ఆ భయంలోనే మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి నా కష్టం చెప్పుకున్నాను. ఆవిడ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. తర్వాత, "నీకు ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. ఆ అలమర ఖాళీ అయ్యాక, ఏ మందుకూ లొంగని రోగి వస్తే మాత్రం నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడమే. ఇదివరకు పనిచేసిన చోట ఒకసారి అలా కూర్చున్నాను" అంది. ఆ మాట నన్ను వదల్లేదు. రోడ్డు మీద బండి నడుపుతుంటే కూడా ఆ కుర్చీయే కళ్ల ముందుకు వచ్చేది.

మా గది సంగతి చెప్పాలి. మేం కొందరం తెలుగువాళ్లం కలిసి ఒక ఇల్లు కిరాయికి తీసుకుని మెస్ నడుపుకుంటున్నాం. నోరు పెద్దదని నన్ను మెస్ పెద్దను చేశారు. వంట చేయడానికి జగిత్యాల వైపు నుంచి కొత్తగా వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. నేను ఆయన్ను మామా అంటాను, ఆయన నన్ను అల్లుడా అంటాడు. వరస మేమే కలుపుకున్నాం, ఇందులో ఇచ్చేదీ లేదు పుచ్చుకునేదీ లేదు. వంటిల్లు దాటని మామకు అరబ్బీ ఒక్క ముక్క రాదు. హైదరాబాదు హోటళ్లలో వండి వచ్చాడు కాబట్టి ఉర్దూ మాత్రం దంచేస్తాడు.

ఒకరోజు మా గదిలోని ఏసీ టెక్నీషియన్ యాన్బు నుంచి తిరిగొచ్చాడు. నిర్మల్ మనిషి. అక్కడ ఏదో ఫ్యాక్టరీలో నెల పొడుగునా పనిచేసి వచ్చాడు. నేను ఆ నెల మెస్ చార్జీ అడిగాను. అంతే, మొదలైంది.

"నేనీడ లేనే లేను. మీ బువ్వల ఒక్క మెతుకు ముట్టలే. పైసలెందుకియ్యాలె?"

నేను గరిటె పట్టుకుని కూర రుచి చూస్తున్నాను. ఆ గరిటెతోనే లేచాను.

"తిన్నా తినకున్నా కట్టాల్సిందేనప్పా! నువ్వు యాన్బులో ఉండావని ఇంటి కిరాయి తగ్గిచ్చినారా? మామ జీతం తగ్గిందా? గ్యాసు సిలిండరు నిన్ను అడిగి ఖాళీ అయితాదా? నువ్వు ఏ పొద్దు దిగినా పళ్లెంలో బువ్వ ఉంటాదని గదా నీ ధైర్యం! నేను అడిగే దుడ్లు బువ్వకు గాదు, ఆ ధైర్యానికి!"

"అట్లనే అడుగు అల్లుడా. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు గద" అన్నాడు మామ, ఉల్లిపాయలు తరుగుతూ.

"గుర్రం ఎవలు? నేనా?" అన్నాడు టెక్నీషియన్.

"నువ్వు గాదు, పొయ్యి."

"పొయ్యి గుడ్డిదా?"

"సామెతను సామెత లెక్క ఇను. ఇప్పి సూడకు."

వాళ్లిద్దరూ గుర్రం ఎవరో తేల్చుకుంటుండగా నేను గరిటె ఎత్తినవాణ్ణి ఎత్తినట్టే నిలబడిపోయాను. నా నోటి నుంచి వచ్చిన మాటే నా చెవిలో మళ్లీ మోగింది. తిన్నా తినకున్నా కట్టాల్సిందే. దుడ్లు బువ్వకు కాదు, ధైర్యానికి. ఆస్పత్రితో నేను చెప్పాల్సింది ఇదే కదా! సీసాకు ఇంత అని అడిగితే వాడనివాడు ఎందుకు ఇస్తాడు? ఏడాదికి ఇంత అని అడగాలి. అలమర ఎప్పుడూ నిండుగా ఉంటుందన్న ధైర్యానికి అడగాలి. నేను గరిటెతో సహా గదిలోకి పరుగెత్తాను, కాగితం కోసం. నేను ఇంకేదో పెద్ద ఆయుధం తేవడానికి వెళ్లాననుకుని టెక్నీషియన్ ఆ నెల చార్జీ బల్ల మీద పెట్టేశాడు.

మర్నాడు జిద్దాకు ఫోన్ చేశాను.

"సార్, వాళ్లకు మందు అమ్మను."

"ఇన్నాళ్లూ అదే కదా చేస్తున్నావు" అన్నాడు మేనేజరు.

"కాదు సార్. ఏడాదికి ఇంత అని చందా కట్టించుకుంటాం. అలమర ఎప్పుడూ నిండుగా ఉంచే పూచీ మనది. వాడితే వాడనీ, వాడకపోతే ఇంకా మంచిది. గడువు తీరినవి మనమే తీసేసి కొత్తవి పెడతాం. చందాలో ఒక్క పైసా మారదు."

అవతల చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"మియా, ఎండలో టోపీ లేకుండా తిరుగుతున్నావా?"

కానీ ఆయన బుర్ర ఉన్న మనిషే. ఒక్క సీసా కదలకపోయినా ఏటా ఆదాయం వస్తుందన్న సంగతి రెండు గుటకల చాయ్‌లో ఆయనకు ఎక్కేసింది. మందు తయారుచేసే కంపెనీకి రాశాడు. వాళ్లు అడిగిందే తడవుగా సరే అన్నారు. నా ఉపాయం అంత తేలిగ్గా ఎలా నచ్చిందా అని నాకే అనుమానం వచ్చింది. డాక్టరమ్మకు చెబితే అసలు సంగతి బయటపడింది. ఇలాంటి చందా పద్ధతి వేరే దేశాల్లో ముందే ఉందట, పెద్ద పెద్ద వాళ్లు దీని మీద సభలు కూడా పెడతారట. అమ్మిన సీసాలకూ కంపెనీకి వచ్చే ఆదాయానికీ లంకె తెంపేస్తేనే ఇలాంటి మందులు బతుకుతాయని ఆవిడ చెప్పింది. లోకంలో మొట్టమొదట కనిపెట్టింది నేనేనని అప్పటికే మా ఇంటికి ఫోన్ చేసి చెప్పేసుకున్నాను. మా అమ్మ వీధంతా చెప్పేసింది కూడా.

ఇక మిగిలింది పర్చేజ్ పెద్దమనిషి. ఆయన గదిలో సోఫాలు, తివాచీ, పొడుగు ముక్కు ఇత్తడి కూజాలో ఖహ్వా అనే అరబ్బీ కాఫీ, పక్కన ఖర్జూరాలు. మర్యాదకు లోటు లేదు. ఆయన వేసుకున్న తెల్లటి పొడుగు అంగీ, అదే తోబ్, దాని మీద ఒక్క ముడత లేదు. నేను వచ్చీరాని అరబ్బీలో చందా సంగతి చెప్పాను.

"వాడకపోతే డబ్బు వాపసు ఇస్తారా?" అన్నాడు.

ఇవ్వం అని చెప్పాను. ఎందుకో వివరించాను. ఆయన తల ఊపి, ఖహ్వా పోసి, "సరే. కానీ వాడకపోతే?" అన్నాడు. మళ్లీ చెప్పాను. ఇంకో కప్పు పోశాడు. "బాగుంది. మరి వాడకపోతే?"

నా కోపం సంగతి నాకు తెలుసు. పాలపొంగు లాంటిది, చూస్తుండగానే పొంగుతుంది. "పొయ్యి సార్! పొయ్యి వెలిగించి ఉంచాలి కదా!" అని బల్ల మీద గట్టిగా చరిచాను. ఇత్తడి కూజా ఎగిరి ఆయన ఒళ్లో పడింది. తెల్లటి తోబ్ మీద ఖహ్వా సౌదీ దేశపటం గీసింది. ఆయన లేచి, తోబ్ రెండు వేళ్లతో ఒంటికి దూరంగా పట్టుకుని, బట్టలు మార్చుకోవడానికి వెళ్లిపోయాడు. ఆలోచించి ఫోన్ చేస్తానని గుమాస్తాతో కబురు పంపాడు.

ఆ ఫోన్ గురువారం సాయంత్రం వచ్చింది. నేను స్నానం చేస్తున్నాను. ఫోన్ వంటింట్లో చార్జింగులో ఉంది. మోగి ఆగింది, మళ్లీ మోగింది. మామకు మోగే ఫోన్ అంటే ఏడ్చే పిల్లాడితో సమానం, ఊరుకోలేడు. ఎత్తాడు. నేను తువ్వాలు కట్టుకుని వచ్చేసరికి మామ పిండి చేతులతో గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమైంది మామా?"

"దవఖానోళ్ల ఫోన్ అచ్చింది అల్లుడా. కూసో. ముందుగాల నీళ్లు తాగు."

"చెప్పు మామా!"

"మస్తు గట్టిగ మొత్తుకున్నడు. నీ పని అయిపోయిందట. మొత్తం ముగిసిందన్నడు. ఇంక నిన్ను క్షమించుడు కష్టమట. ఆ మాటైతే మల్ల మల్ల అన్నడు."

ఆయన ఏ మాటలన్నాడో నేను అడగలేదు. నా కళ్ల ముందు ఆ తోబ్ మీద మరక కదిలింది. అలమర ఖాళీ అయింది, ఎగ్జిట్ కాగితం చేతిలో పడింది, డాక్టరమ్మ కుర్చీ వేసుకుని ఎవరి పక్కనో కూర్చుంది. అన్నీ ఒక్కసారి కనిపించాయి. తిరిగి ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఇక్కడి వారాంతపు సెలవులు కదా, తోటకు వెళ్లిపోయి ఉంటాడు. శుక్ర, శనివారాలు నేను ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. ఆ రెండు రోజులూ మెస్‌లో కూర బాగా లేదని అనడానికి కూడా ఎవరికీ ధైర్యం రాలేదు.

"ఉత్త చేతులతోని పోవద్దన్నా. ఏమన్న పట్టుకపో" అని సలహా ఇచ్చాడు టెక్నీషియన్. ఏం పట్టుకుపోవాలని అడిగితే ఆలోచించి, "ఖర్జూరాలు" అన్నాడు. బుద్ధి పనిచేయని వేళ ఏ సలహా అయినా బాగానే ఉంటుంది. బజారుకు వెళ్లి పెద్ద పెట్టె కొన్నాను. ఖర్జూరాల ఊళ్లో, ఖర్జూరం తోట ఉన్న మనిషికి, ఖర్జూరాల పెట్టె! తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

ఆదివారం పొద్దున ఆయన గది తలుపు తీశాను. ఆయన నవ్వుతూ లేచి రెండు చేతులూ చాచాడు. ఆ నవ్వు చూసి నాకు ఇంకా భయమేసింది. అంత కోపంలో కూడా నవ్వుతున్నాడంటే చాలా పెద్ద కోపం అయ్యుండాలి. ఇన్నేళ్లు నేర్చుకున్న అరబ్బీ ఆ క్షణంలో నన్ను వదిలేసి పారిపోయింది. భయం పుట్టినప్పుడు మనిషి ఇంటి భాషలోకే పరుగెడతాడు. మా ఇంటి భాష ఉర్దూ.

"మాఫీ సార్! మాఫీ!" అన్నాను, పెట్టె ముందుకు చాచి.

ఆయన నవ్వు ఆగిపోయింది. "మాఫీ?"

"మాఫీ!"

"దవా మాఫీ?"

మందు విషయంలో క్షమాపణా అని అడుగుతున్నాడనుకున్నాను. గట్టిగా తలూపాను. "దవా మాఫీ సార్. పూరా మాఫీ!"

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. గల్ఫ్ అరబ్బీలో మాఫీ అంటే క్షమాపణ కాదు. 'లేదు' అని అర్థం. ఇక్కడ దిగిన మొదటి వారంలోనే బయట తిరిగేవాడు ఎవడైనా నేర్చుకునే మాట అది. అంటే నేను తలుపు తీసుకుని లోపలికి వచ్చి, ఆయన మొహం మీదే, మందు లేదు, అసలు లేదు, పూర్తిగా లేదు అని సంతోషంగా ప్రకటిస్తున్నాను. ఆయన మొహం ఎర్రబడింది. బల్ల మీది కాగితం ఒకటి తీసి నా ముందు ఆడించాడు. దాని మీద గుండ్రటి ముద్ర ఉంది, కింద సంతకం ఉంది. గురువారం సంతకం పెట్టి, ముద్ర వేసి, నీకు ఫోన్ చేసి చెప్పాను, ఇవాళ వచ్చి మందు లేదంటావా, ఇదేనా నీ పూచీ అని గదంతా దద్దరిల్లేలా అరిచాడు. నాకు సగమే అర్థమైంది, ఆ సగమూ తప్పుగా అర్థమైంది. ఆయన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు, చింపడానికి. నేను ఇంకా గట్టిగా "మాఫీ! మాఫీ!" అంటున్నాను.

అరుపులు విని డాక్టరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ముందు ఆయన చేతిలో కాగితం లాక్కుంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు ఎందుకు ఏడుస్తున్నావు?" అని ఇంగ్లీషులో అడిగింది. అప్పటిదాకా నేను ఏడుస్తున్నానని నాకు తెలియదు. నేను జరిగింది చెప్పాను. గురువారం ఫోన్‌లో మీరు సరిగ్గా ఏం మాటలన్నారని ఆవిడ ఆయన్ను అడిగింది. ఆయన వేళ్లు మడుస్తూ చెప్పాడు. "ఖతమ్. ఖలాస్. మాఫీ ముష్కిల్."

అప్పుడు వెలిగింది నాకు. ఖతమ్ అంటే అరబ్బీలో ముద్ర. ఖలాస్ అంటే పని పూర్తయింది. మాఫీ ముష్కిల్ అంటే ఏ ఇబ్బందీ లేదు. ముద్ర పడింది, పని అయింది, దిగులు పడకు అని ఆ మంచి మనిషి సంతోషం పట్టలేక గట్టిగా అరిచి చెప్పాడు. అవే మాటలు మా మామ హైదరాబాదు చెవుల్లో పడ్డాయి. అక్కడ ఖతమ్ అంటే అంతం. ఖలాస్ అంటే చచ్చాడు. మాఫీ ముష్కిల్ అంటే క్షమించడం కష్టం. ఒక్క అక్షరం కూడా మార్చకుండా మామ నా పెళ్లి కబురును చావు కబురు చేశాడు.

పర్చేజ్ పెద్దమనిషికి సంగతి అర్థమయ్యేసరికి ఆయన సోఫాలో కూలబడి, తల మీది రుమాలు జారిపోయేదాకా నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, నా పెట్టె మూత తీసి ఒక ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు. మొహం చిట్లించాడు. ఇవి పోయిన ఏటివి, నిన్ను ఎవడో ముంచాడు అన్నాడు. వెళ్లేటప్పుడు తన తోటలోవి ఒక గంప కారులో పెట్టించాడు. మళ్లీ వస్తే ఖహ్వా కూజాకు దూరంగా కూర్చోమని కూడా చెప్పాడు.

ఇంటికి వచ్చి మామ మీద ఎగరాలనుకున్నాను. మామ మాత్రం తొణకలేదు. "నాకేమెరుక అల్లుడా! మంచి మాట చెప్పేటోడు అట్ల మొత్తుకుంటడా?" అన్నాడు. నిజమే, నేను మాట్లాడేదీ అలాగే ఉంటుంది.

అలా ఆ అలమర నిండింది. నా ఉద్యోగమూ నిలబడింది, పైగా చాలా హాయిగా సాగింది. నెలనెలా వెళ్లి డాక్టరమ్మను, "ఏమైనా వాడారా?" అని అడిగేవాణ్ణి. "లేదు" అనేది. ఇద్దరం తృప్తిగా ఖహ్వా తాగేవాళ్లం. నా పక్క సీటువాడు దగ్గుమందు కోసం చలికాలం ఎప్పుడు వస్తుందా అని ఆకాశం వైపు చూసేవాడు. నాకు ఎవరికీ జబ్బు రావాల్సిన పని లేదు. లోకమంతా చల్లగా ఉండాలని కోరుకుంటూ జీతం తీసుకునే సేల్స్‌మన్ ఆ దేశం మొత్తంలో నేనొక్కడినేనేమో.

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మే ఫోన్ చేసింది. అలమర తాళం తీశామంది. కొత్త సీసాలు పట్టుకుని రమ్మంది. ఎవరికి, ఎలా ఉన్నాడు అని అడిగితే, "ఇప్పుడే చెప్పలేను" అంది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. పేరు తెలియని, మొహం తెలియని మనిషి. వాడిన సీసాకు మాకు పైసా రాదు, వాడకపోతే పైసా పోదు. ఆయన బతికితే నాకొచ్చే కమిషనూ లేదు. అయినా వెళ్లి సీసాలు సర్దుతూ ఒక్కోదాన్నీ రెండుసార్లు లెక్కపెట్టాను. ఆయన బతకడం మాత్రమే నాకు కావాలి, ఇంకేమీ అక్కర్లేదు. మందుల అమ్మకంలో పడ్డాక అంత ఉత్త కోరిక నాకు అదే మొదటిసారి.

కొన్నాళ్లకు డాక్టరమ్మ మళ్లీ పిలిచింది. వార్డులోకి తీసుకెళ్లి, చివరి మంచం చూపించి, "ఆ సీసాలు ఇతనికే. మీ దేశం వాడే" అని వెళ్లిపోయింది. ఎముకలు తేలిన మనిషి ఒకడు దిళ్లకు ఆనుకుని కూర్చుని రొట్టె తింటున్నాడు. ఎడారిలో ఒంటెలు కాస్తాడట. నేను మంచం ముందు నిలబడ్డాను. ఆ అలమర గురించి, ఆ కాగితం గురించి, నేను పడ్డ పాట్ల గురించి చెప్పాలని ఎంతో అనిపించింది. చివరికి నోటికి ఒక్క మాటే వచ్చింది.

"కైసే హో భాయ్?"

నా ఉర్దూ యాస వినగానే తెలుగువాణ్ణని పట్టేశాడు. రొట్టె నములుతూనే, నన్ను తప్పించి వెనక గోడ మీది టీవీ వైపు మెడ చాచాడు. అందులో ఒంటెల పందెం నడుస్తోంది.

"మంచిగున్న గని అన్నా, జెర పక్కకు జరుగు. ఒంటెలు కనవడ్తలెవ్వు."

నేను పక్కకు జరిగాను.